శస్త్రచికిత్స రోగులకు నర్సింగ్ సేవ

ఆపరేషన్ చేయించుకునే మనిషి ఆస్పత్రిలో చాలా చేతులు మారతాడు. వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కు, అక్కడి నుంచి రికవరీ గదికి, మళ్లీ వార్డుకు, ఆ తర్వాత ఇంటికి వెళతాడు. సర్జన్ పని ప్రధానంగా బల్ల దగ్గర జరుగుతుంది. మత్తు వైద్యుడి బాధ్యత రోగికి పూర్తిగా తెలివి వచ్చి నిలదొక్కుకునేదాకా ఉంటుంది. ఈ దారి పొడవునా ఎవరో ఒకరు రోగి పక్కన ఉంటున్నారంటే ఆ ఒకరు నర్సే. శస్త్రచికిత్సకు ముందు రోగిని సిద్ధం చేయడం, జరుగుతున్నంతసేపూ కాపాడటం, తర్వాత కోలుకునేదాకా కనిపెట్టి ఉండటం అనే మూడు పనులూ కలిసి శస్త్రచికిత్స నర్సింగ్ అవుతుంది. కత్తి పట్టిన చేతి నేర్పు ఎంత గొప్పదైనా, రోగి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోట చెప్పవలసిన మాట చెప్పకపోతే ప్రమాదం అక్కడే పుడుతుంది. అందుకే ఈ విభాగంలోని నియమాలు చాలావరకు ఆ అప్పగింతల చుట్టూనే అల్లుకుని ఉంటాయి.

చరిత్ర

మత్తు మందు వాడకం 1846 తర్వాత వ్యాపించినా, క్రిములను చంపే పద్ధతులు వచ్చేదాకా ఆపరేషన్ తర్వాతి మరణాలు తగ్గలేదు. జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రపరిచే తన పద్ధతిని ప్రకటించాడు. క్రిమియా యుద్ధ కాలపు అనుభవంతో ఆస్పత్రుల నిర్మాణం గురించి రాసిన ఫ్లారెన్స్ నైటింగేల్, ఆపరేషన్ అయినవారు తేరుకునేదాకా ఉంచడానికి థియేటర్ పక్కనే చిన్న గదులుండటం గురించి 1863 నాటికే ప్రస్తావించింది. నేటి రికవరీ గదికి మూలం ఇటువంటి ఏర్పాట్లలోనే ఉంది.

రబ్బరు గ్లోవ్స్ పుట్టుక ఒక నర్సుతో ముడిపడింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో సర్జన్ విలియం హాల్‌స్టెడ్ దగ్గర పనిచేసిన కారొలైన్ హాంప్టన్ చేతులు, పాదరసపు క్లోరైడ్ ద్రావణంలో తరచూ ముంచడం వల్ల పుండ్లు పడ్డాయి. ఆమె కోసం 1889-90 ప్రాంతంలో హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీతో పల్చని గ్లోవ్స్ చేయించాడు. నర్సు చర్మాన్ని కాపాడటానికి వచ్చిన ఆ వస్తువు రోగిని కూడా కాపాడుతుందని గ్రహించి, సర్జన్లందరూ తొడుక్కోవడానికి మరికొన్నేళ్లు పట్టింది.

రోగిని దగ్గరుండి గమనించడమనే విద్యకు తెలుగు నేలతో సంబంధం ఉంది. క్లోరోఫామ్ మత్తులో మరణాలకు గుండె ఆగడం కారణమా, ఊపిరి ఆగడం కారణమా అన్న వాదం తేల్చడానికి, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ సహాయంతో 1888, 1889లలో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. నాడి కంటే శ్వాసను చూస్తూ ఉండటమే ముఖ్యమని అవి తీర్పు చెప్పాయి. క్లోరోఫామ్ నేరుగా గుండె లయను కూడా చెడగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధనలు చూపడంతో ఆ తీర్పు సగమే నిజమని తేలింది. అయినా మత్తులో ఉన్నవాడి ఊపిరి మీద నుంచి చూపు మరల్చకూడదన్న పాఠం నిలబడిపోయింది. హైదరాబాద్ వైద్య పాఠశాలలో అదే కాలంలో చదివి, క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు.

ఆపరేషన్‌కు ముందు

ఈ దశ రోగి చరిత్ర తెలుసుకోవడంతో మొదలవుతుంది. షుగరు, రక్తపోటు, ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నాయా, గతంలో మత్తు ఇచ్చినప్పుడు తనకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఏదైనా ఇబ్బంది వచ్చిందా, ఏ మందు పడదు, పొగ, మద్యం, గుట్కా అలవాట్లు ఏమిటి అన్నవి నర్సు అడిగి కేస్ షీట్‌లో రాస్తుంది. అడిగే తీరు మీద జవాబు ఆధారపడుతుంది. ‘మందులేమైనా వాడుతున్నారా’ అంటే లేదనేవారు, ‘రోజూ పొద్దున ఏ మాత్ర వేసుకుంటారు’ అంటే సంచిలోంచి నాలుగు అట్టలు తీసి చూపిస్తారు. నాటు మందు, ఆకు పసరు, ఆయుర్వేద గుళికలు మందుల లెక్కలోకి రావనుకునేవారు చాలామంది కాబట్టి వాటిని విడిగా అడగాలి. క్లోపిడోగ్రెల్ వంటి రక్తాన్ని పల్చబరిచే మందులను సాధారణంగా ఐదు రోజుల ముందు నుంచీ, గ్లిఫ్లోజిన్ తరహా షుగరు మాత్రలను కనీసం మూడు రోజుల ముందు నుంచీ ఆపుతారు. రక్తపోటు మాత్రల్లో చాలావాటిని మాత్రం ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఒక గుక్క నీళ్లతో వేయిస్తారు. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో నిర్ణయించేది వైద్యులు. ఆ నిర్ణయం రోగి నోటిదాకా సరిగ్గా చేరేలా చూసేది నర్సు.

పరగడుపున ఉంచడం గురించి ఎక్కువ అపోహలున్నాయి. మత్తులో కడుపులోని పదార్థం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణాపాయమని 1946లో కర్టిస్ మెండెల్సన్ కాన్పు కేసుల ఆధారంగా వివరించాడు. అప్పటి నుంచి ‘రాత్రి పన్నెండు దాటితే ఏమీ వద్దు’ అన్న మాట వార్డుల్లో స్థిరపడిపోయింది. ఆరోగ్యంగా ఉండి, ముందే నిర్ణయించిన ఆపరేషన్‌కు వచ్చేవారికి నేటి ప్రమాణాలు వేరు. నీళ్ల వంటి తేట ద్రవాలు రెండు గంటల ముందు వరకు, తల్లిపాలు నాలుగు గంటల ముందు వరకు, ఇడ్లీ వంటి తేలికపాటి ఆహారం, ఇతర పాలు ఆరు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. నూనె, మాంసం ఉన్న భోజనమైతే ఎనిమిది గంటలు గడవాలి. పాలు కలిపిన టీ, మజ్జిగ తేట ద్రవాలు కావు. పొద్దున్నే ‘కాసింత టీయే కదా’ అని తాగి వచ్చి ఆపరేషన్ వాయిదా వేయించుకునేవారు ప్రతి ఆస్పత్రిలోనూ ఉంటారు. ఇంకోవైపు, మధ్యాహ్నం మూడింటికి ఆపరేషన్ ఉన్న ముసలాయన్ను ముందు రాత్రి నుంచీ గొంతు తడపనివ్వకుండా ఉంచడమూ అపచారమే. నీరసం, నిర్జలీకరణ, షుగరు రోగుల్లో చక్కెర పడిపోవడం దాని ఫలితాలు. పసిపిల్లలు ఇంకా త్వరగా సొమ్మసిల్లుతారు. ఎన్ని గంటలకు ఏది ఆపాలో గడియారం చూపించి, ఇంటివాళ్ల చేత మళ్లీ చెప్పించుకోవడం మంచి నర్సు పద్ధతి.

సమ్మతి పత్రం సంతకంతో పూర్తయ్యే తంతు కాదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతిని ఆపరేషన్‌కు సమ్మతిగా వాడుకోరాదని, ప్రాణం నిలపడానికి తప్పనిసరి అయితే తప్ప రోగి ఒప్పుకోని శస్త్రచికిత్స చేయరాదని తీర్పు చెప్పింది. జబ్బేమిటో, చేసేదేమిటో, వచ్చే చిక్కులేమిటో వివరించవలసింది సర్జన్. రోగికి అర్థమైందా, సంతకం తెలిసే చేశారా, వేలిముద్ర అయితే సాక్షి ఉన్నారా అని నర్సు చూస్తుంది. మేజరైన స్త్రీ బదులు భర్తో, కొడుకో సంతకం చేస్తే చాలనుకోవడం ఇప్పటికీ కనిపిస్తుంది. తెలివిలో ఉన్న మనిషి సమ్మతి ఆ మనిషే ఇవ్వాలి.

శరీరాన్ని సిద్ధం చేయడంలో స్నానం ముఖ్యం. కోత పెట్టే చోట రోమాలు అడ్డు కాకపోతే తీయనక్కర లేదు. తీయవలసి వస్తే క్లిప్పర్‌తో కత్తిరించాలి తప్ప బ్లేడుతో గీయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బ్లేడు చేసే కంటికి కనిపించని గాట్లలో క్రిములు పెరుగుతాయి. కట్టుడు పళ్లు, కాంటాక్ట్ లెన్సులు, నగలు తీయిస్తారు. గోళ్ల రంగు, నల్లని మెహందీ పల్స్ ఆక్సీమీటర్ కొలతకు అడ్డు రావచ్చు. మంగళసూత్రం, మెట్టెలు తీయమన్నప్పుడు కొందరు ఆడవాళ్లు బెంగపడతారు. లోహం వల్ల, కరెంటుతో కోసే కాటరీ వాడేటప్పుడు కాలే ప్రమాదం ఉందని నెమ్మదిగా చెప్పి, పసుపు తాడు కట్టుకోనిచ్చి, తీసిన నగలను లెక్కపెట్టి బంధువుల సంతకంతో అప్పగిస్తే పేచీ ఉండదు. కుడి ఎడమల తేడా ఉన్న అవయవానికి, రోగి మెలకువగా ఉన్నప్పుడే సర్జన్ చర్మం మీద గుర్తు పెట్టాలి.

భయం తగ్గించడం కూడా చికిత్సలో భాగమే. మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం, పక్కన మూత్రం సంచి, పొట్ట మీద డ్రెయిన్ ఉంటాయని ముందే తెలిసినవారు తర్వాత హడలిపోరు. గట్టిగా ఊపిరి తీయడం, పొట్ట మీద దిండు అదిమి దగ్గడం, మడమలు ఆడించడం ఆపరేషన్‌కు ముందే నేర్పాలి. నొప్పిలో ఉన్నవారికి తర్వాత నేర్పితే సగమే అందుతుంది. తెలుగు రాష్ట్రాల నగరాల్లోని పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లో కేరళ నుంచి వచ్చిన నర్సులు చాలామంది పనిచేస్తారు. ఊరి నుంచి వచ్చిన రోగికి వాళ్ల నైపుణ్యం పూర్తిగా అందాలంటే తెలుగు మాటలు కొన్నయినా వాళ్లకు పట్టుబడాలి.

థియేటర్‌లో

థియేటర్ నర్సుల్లో పని రెండు పాయలుగా ఉంటుంది. స్క్రబ్ నర్సు చేతులు రుద్ది కడుక్కుని, క్రిమిరహిత గౌను, గ్లోవ్స్ వేసుకుని సర్జన్ ఎదుట నిలబడి పరికరాలు అందిస్తుంది. తర్వాతి మెట్టు ఏమిటో తెలిసినందువల్ల అనుభవజ్ఞురాలైన స్క్రబ్ నర్సు చేతిలో, సర్జన్ అడగకముందే సరైన పరికరం ఉంటుంది. సర్క్యులేటింగ్ నర్సు క్రిమిరహిత వలయానికి బయట తిరుగుతూ కావలసిన సామాను తెరిచి ఇవ్వడం, కాగితాలు రాయడం, రక్తం తెప్పించడం, గదిలో జరిగే ప్రతి లోపాన్నీ గమనించడం చేస్తుంది. గది మొత్తాన్ని చూసే స్థితిలో ఉండేది ఆమే కాబట్టి, పెద్ద సర్జన్ మోచెయ్యి స్టెరైల్ కాని చోట తగిలినా ఆ మాట పైకి చెప్పే బాధ్యత ఆమెదే. చెప్పే ధైర్యం, వినే సంస్కారం రెండూ ఉన్న థియేటర్లలో ఇన్ఫెక్షన్లకు చోటు తక్కువ.

పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరితో కనీసం 15 నుంచి 30 నిమిషాలు, గాలిని ముందుగా లాగేసే యంత్రాల్లో 134 డిగ్రీల వద్ద మూడు నాలుగు నిమిషాలు శుద్ధి చేస్తారు. వేడికి తట్టుకోనివాటికి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు, ప్లాస్మా పద్ధతులున్నాయి. మూట మీది సూచిక పట్టీ రంగు మారినంత మాత్రాన లోపల శుద్ధి జరిగినట్టు కాదు. అది వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. అందుకే లోపలి సూచికలను, కొంత కాలానికొకసారి బాక్టీరియా బీజాలతో చేసే పరీక్షను కూడా నమ్ముతారు. గౌను వేసుకున్నాక ఛాతీ నుంచి బల్ల ఎత్తు వరకు ముందు భాగం, మోచేతికి కాస్త పైదాకా చేతులు మాత్రమే క్రిమిరహితం. వీపు ఎప్పుడూ కాదు. బల్ల మీద పరిచిన గుడ్డ అంచు నుంచి కిందికి జారిన ఏ వస్తువైనా అపరిశుభ్రమే. అనుమానం వస్తే మార్చేయడమే నియమం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టిన సురక్షిత శస్త్రచికిత్స చెక్‌లిస్ట్‌లో 19 అంశాలున్నాయి. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ వదిలే ముందు అందరూ ఒక్క నిమిషం ఆగి, ఈ రోగి ఎవరు, చేసేది ఏ ఆపరేషన్, ఏ వైపు, మందులు పడతాయా, యాంటీబయాటిక్ ఇచ్చారా, లెక్కలు సరిపోయాయా అని పైకి చెప్పుకోవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో చెక్‌లిస్ట్‌ను తప్పనిసరి చేశాక 2014లో లెక్క చూస్తే చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆగి మాట్లాడుకోకుండా టిక్కులు మాత్రమే పెడితే ఆ కాగితం వల్ల ఉపయోగం ఉండదని దీన్నిబట్టి చాలామంది నిపుణులు భావించారు. సెఫజోలిన్ వంటి యాంటీబయాటిక్‌ను కోతకు ముందు గంటలోపు ఇవ్వాలి. ఆలస్యంగా ఇచ్చినా, మరీ ముందుగా ఇచ్చినా కణజాలంలో తగిన మోతాదు ఉండదు.

గాజ్ గుడ్డలు, మాప్‌లు, సూదులు, పరికరాలను మొదలుపెట్టే ముందు, కడుపు లాంటి కుహరాన్ని మూసే ముందు, చర్మం కుట్టే ముందు ఇద్దరు నర్సులు పైకి లెక్కిస్తారు. ఒక్కటి తగ్గినా సర్జన్‌కు చెప్పాలి, వెతకాలి, దొరక్కపోతే ఎక్స్‌రే తీయాలి. మాప్‌లలో ఎక్స్‌రేకు కనిపించే దారం అల్లేది ఇందుకే. లోపల గుడ్డ మిగిలిపోయే ప్రమాదం అత్యవసర ఆపరేషన్లలో, మధ్యలో పద్ధతి మారినప్పుడు, లావుపాటి శరీరాల్లో ఎక్కువ. అంటే లెక్కకు తీరిక దొరకని వేళల్లోనే లెక్క అవసరం మరింత ఎక్కువ.

మత్తులో ఉన్నవాడు నొప్పెడుతోందని చెప్పలేడు. చెయ్యిని భుజం దగ్గర 90 డిగ్రీలకు మించి చాపితే మెడ నుంచి వచ్చే నరాల గుచ్ఛం సాగి దెబ్బతింటుంది. కాళ్లు స్టిరప్‌లలో పెట్టేటప్పుడు మోకాలి పక్క నరం మీద ఒత్తిడి పడితే పాదం వాలిపోవచ్చు. రెండు కాళ్లనూ ఒకేసారి ఎత్తాలి, ఒకేసారి నెమ్మదిగా దించాలి. లేకపోతే నడుముకు దెబ్బ, రక్తపోటులో హఠాత్తు మార్పు కలుగుతాయి. కాటరీ ప్లేటును కండ ఉన్న పొడి చోట పూర్తిగా అంటేలా పెడతారు. చర్మానికి రాసిన స్పిరిట్ గుడ్డల కింద మడుగు కట్టి ఉండగా కాటరీ వాడితే మంటలు రావచ్చు. చల్లని థియేటర్‌లో శరీర ఉష్ణోగ్రత 36 డిగ్రీల కిందకు పడితే రక్తం గడ్డకట్టడం మందగిస్తుంది, గాయం ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. కాబట్టి వెచ్చని దుప్పట్లు, వెచ్చబరిచిన సెలైన్ వాడటం సుఖం కోసం మాత్రమే చేసే పని కాదు.

తీసిన ముక్కను పరీక్షకు పంపేటప్పుడు సీసా మీద రోగి పేరు, నంబరు, ఏ భాగం నుంచి తీశారో అక్కడికక్కడే రాయాలి. రెండు సీసాలు కలిసిపోతే మళ్లీ కోసి తెచ్చుకునే అవకాశం లేదు.

రికవరీ గదిలో

మత్తు వైద్యుడు, థియేటర్ నర్సు కలిసి వచ్చి రికవరీ నర్సుకు రోగిని అప్పగిస్తారు. ఏ ఆపరేషన్, ఏ మత్తు, ఎంత రక్తం పోయింది, ఏమేం మందులిచ్చారు, డ్రెయిన్లు ఎన్ని, ఏ చిక్కు రావచ్చు అన్నది మాటల్లోనూ కాగితం మీదా చెప్పాలి. మొదట చూడవలసింది ఊపిరి. నాలుక వెనక్కి జారి దారి మూసుకోకుండా, వాంతి లోపలికి పోకుండా, వీలైతే పక్కకు తిప్పి పడుకోబెడతారు. గురక శబ్దం వస్తోందంటే దారి కొంత మూసుకుందన్నమాట, హాయిగా నిద్రపోతున్నారని కాదు. నాడి, రక్తపోటు, శ్వాస, ఆక్సిజన్ శాతం, ఉష్ణోగ్రత మొదటి గంటలో కనీసం పదిహేను నిమిషాలకొకసారి నమోదు చేస్తారు.

గది నుంచి పంపే సమయాన్ని నిర్ణయించడానికి అల్‌డ్రెటే స్కోరు వాడుకలో ఉంది. ఆంటోనియో అల్‌డ్రెటే, డయాన్ క్రౌలిక్ 1970లో దీన్ని ప్రచురించారు. కదలిక, శ్వాస, రక్తప్రసరణ, తెలివి, చర్మం రంగు అనే ఐదు అంశాలకు సున్నా నుంచి రెండు మార్కులు వేస్తారు. తర్వాత రంగు స్థానంలో ఆక్సిజన్ శాతం వచ్చింది. సాధారణంగా తొమ్మిది వస్తే వార్డుకు పంపుతారు.

వార్డులో

లోపల రక్తం కారుతోందని మొదట చెప్పేది కట్టు కాదు, నాడి. నాడి వేగం పెరుగుతూ, చేతులు చల్లబడి చెమటలు పట్టి, రోగి ఊరికే అసహనంగా కదులుతుంటే రక్తపోటు ఇంకా బాగానే ఉన్నా డాక్టరుకు కబురు చేయాలి. రక్తపోటు పడిపోవడం చివరి సంకేతం. మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు కంటే తగ్గితే శరీరానికి ద్రవం గానీ రక్తం గానీ చాలడం లేదేమోనని అనుమానించాలి. క్యాథెటర్ లేనివారు ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మూత్రం పోయకపోతే పొత్తికడుపు చూడాలి.

నొప్పిని ‘ఓర్చుకోండి’ అనడం పాత అలవాటు. సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో రోగి చేతే చెప్పించి, మందిచ్చాక మళ్లీ అడిగి తగ్గిందో లేదో రాయాలి. నొప్పి ఉన్నవాడు లోతుగా ఊపిరి తీయడు, దగ్గడు, లేచి నడవడు. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుని న్యుమోనియా రావచ్చు. మార్ఫిన్ వంటి మందులిచ్చినప్పుడు మాత్రం శ్వాసల సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు. పిలిస్తే పలకనంత మగత శ్వాస తగ్గడానికి ముందే వచ్చే హెచ్చరిక.

వెన్నులో మత్తు సూది గురించి తెలుగు ఇళ్లలో గట్టి నమ్మకాలున్నాయి. దానివల్ల జీవితాంతం నడుం నొప్పి ఉంటుందనే మాటకు ఆధారం లేదు. తల కింద దిండు పెట్టకుండా రోజంతా పడుకోబెడితే తలనొప్పి రాదన్నదీ నిలవలేదు. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే మాత్రం వైద్యుడికి చెప్పాలి. కాళ్లలో స్పర్శ, బలం పూర్తిగా వచ్చేదాకా ఒంటరిగా లేవనివ్వకూడదు.

ఒకప్పుడు వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉన్నట్టుండి ప్రాణం తీసే ప్రమాదం ఆ విశ్రాంతిలోనే పెరిగేది. ఇప్పుడు చాలా ఆపరేషన్లకు అదే రోజో మర్నాడో కూర్చోబెట్టి నడిపిస్తారు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో రూపొందించిన త్వరిత స్వస్థత పద్ధతిలో తక్కువ ఉపవాసం, తక్కువ గొట్టాలు, తొందరగా తిండి, తొందరగా నడక కలిసి ఉంటాయి. దీన్ని నడిపించే భారం ఎక్కువగా నర్సుల మీదే ఉంటుంది. ఒక్క నర్సు ముప్పై మంచాలు చూసే చోట రోగిని నడిపించేది బంధువులే. వాళ్లకు ఎలా లేపాలో, ఎప్పుడు ఆపాలో చూపించడం నర్సు పనిలో కలుస్తుంది.

కుట్ల దగ్గర ఎరుపు, వాపు, వేడి, చీము కనిపెట్టాలి. మొదటి రెండు రోజుల జ్వరానికి తరచూ శరీరపు సహజ ప్రతిస్పందనే కారణం. ఐదో రోజు తర్వాత కొత్తగా వస్తే గాయాన్ని అనుమానించాలి. పొట్ట కుట్లు విడిపోయి పేగు బయటపడితే లోపలికి నెట్టకూడదు. సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, సర్జన్‌ను పిలవాలి. అంతకు ముందు కట్టు హఠాత్తుగా గులాబీ రంగు నీటితో తడవడం దీనికి ముందస్తు గుర్తు.

ఇంటికి పంపేటప్పుడు

‘పప్పు తింటే చీము పడుతుంది’ అన్న పథ్యం తెలుగునాట ఇంకా పోలేదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావలసిన సమయంలోనే పప్పు, గుడ్డు, మాంసం మానిపించి చారన్నంతో నెట్టుకొస్తారు. పేగుల ఆపరేషన్ వంటి కొన్నింటిలో తప్ప ఆ ఆహారాలకు నిషేధం లేదు. పథ్యం సంగతి రోగికి మాత్రమే చెప్తే సరిపోదు. వంట ఎవరి చేతిలో ఉందో, అత్తగారో అమ్మో, వాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి.

కుట్లు ముఖానికి మూడు నుంచి ఐదు రోజుల్లో, పొట్టకు ఏడు నుంచి పది రోజుల్లో, కాళ్లూ చేతులకు పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తారు. ఆరోగ్యశ్రీ కింద దూర జిల్లాల నుంచి నగరానికి వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవారు ఇందుకోసం మళ్లీ ప్రయాణం చేయలేక ఊళ్లోనే ఎవరి చేతనో తీయించుకుంటారు. ఏ రోజు, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీయించుకోవచ్చో డిశ్చార్జి చీటీలో రాసి ఇస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. జ్వరం, కాలి పిక్క వాపు, ఊపిరాడకపోవడం, ఆగని వాంతులు వస్తే వెంటనే రావాలని, ఏ నంబరుకు ఫోన్ చేయాలో అదే చీటీలో ఉండాలి. పరీక్షకు పంపిన ముక్క ఫలితం తరచూ రోగి ఇంటికి వెళ్లాకే వస్తుంది. ఆ కాగితం ఎప్పుడు తీసుకోవాలో, ఎవరికి చూపించాలో చీటీలో చివరి అంశంగా రాస్తారు.